పదమూడో డిగ్రీ రేకు

మన్నడిలో నా పని పెళ్లి కార్డులకి అంచులు కత్తిరించడం.
ధనకోటి గారొచ్చి ఆకాశం కత్తిరించి పెట్టమన్నారు.

సంచీలోంచి గుండ్రటి తెల్ల అట్ట తీశారు,
నడుమ ఇత్తడి మేకు.
"వీడు ధ్రువుడు" అన్నారు, పక్కింటాయన్ని చూపించినట్టు.
చుట్టూ చుక్కలు, ఆయన పెన్నుతో పెట్టినవే.
పైన పరిచే నీలం రేకులు మాత్రం ఓడ నాటివి:
అయిదు డిగ్రీలకొకటి, పదిహేనుకొకటి, ఇరవై అయిదుకొకటి.
"మన ఊరు పదమూడమ్మా. మనకి రేకు లేదు.
సెలవుకొచ్చినప్పుడల్లా పదిహేనుతోనే సర్దుకున్నాను.
ఇప్పుడు ఓడా లేదు, తొందరా లేదు."

లెక్కల కాగితం చూసి గీశాను.
దిగంతం గుండ్రంగా వస్తుందనుకున్నా,
మడిచిన దోసెలా వచ్చింది.
కత్తి జారి ఒకటి, కొలత తప్పి రెండు,
మూడు రేకులు పాడయ్యాయి.

అట్ట అంచున త్రిశంకు
చేతులు బార్లా చాపి అయిదింతలై ఉన్నాడు.
ఎందుకండీ అంత లావు?
"ఉండని చదును చేస్తే ఎక్కడో సాగాలి కదా.
మేకు దగ్గరివాళ్లు ఉన్నట్టే ఉంటారు.
దూరపువాళ్లే సాగుతారు."
ఇంకేదో చెప్పబోయి, టీ తాగారు.

కత్తిరి ఎండల్లో ఓ రాత్రి, రాయపురం మేడ మీద,
కరెంటు పోయాక పరిచి చూశాం.
ఉత్తరాన ఎన్నూరు పొగ. ధ్రువుడు కనపళ్లేదు.
ఆయన చెయ్యి చాచి పిడికిలి పెట్టి,
దాని మీద వేలున్నర కలిపి,
"అక్కడే ఉన్నాడు" అన్నారు.
దక్షిణాన హార్బరు క్రేన్ల పైన త్రిశంకు.
ఎంత చిన్నవాడో!
మూడు వేళ్లు అడ్డం పెడితే దాగిపోయాడు.
అట్ట మీద ఆ చేతులు గుర్తొచ్చి
వేళ్లు తీసేశాను.

నడినెత్తికి నేను పొడిచిన సూది బెజ్జం
అట్ట మీద ఏ చుక్కకీ తగల్లేదు.
తలెత్తి చూశాను, మెడ పట్టేదాకా.
అక్కడా చెప్పుకోదగ్గ చుక్క ఏదీ లేదు.
"సరిపోయింది" అన్నారాయన,
కొడుక్కి చొక్కా కుట్టించినంత సంబరంగా.

కరెంటొచ్చింది. కింద ఎవరిదో టీవీ అరిచింది.
బిల్లు పుస్తకంలో రాశాను:
ప్లాస్టిక్ రేకు, ఒకటి.
పాడైన మూడూ నా ఖాతా.