మరికొందరు

లాకుల దగ్గర గొడవైన రాత్రి
ఎస్సైగారు టోపీ బల్లమీద పడేసి
"మూక అని రాయవోయ్" అన్నారు.
నేను స్టేషను రైటర్ని.
ఇరవయ్యేళ్లుగా మనుషుల్ని కార్బన్ పేపరు కింద పెట్టి
మూడేసి కాపీలు తీస్తున్నవాణ్ణి.

మూక అని రాశాను. కలం ఆగింది.
మూకకి మొహాలుండవు. చేతులుంటాయి,
చేతుల్లో కర్రలుంటాయి, అంతే.
పక్కన చోటడక్కుండానే
అల్లరి వచ్చి కూచుంటుంది.

కొట్టేసి, గుంపు అని రాశాను.
గుంపు కాస్త నయం. గుంపులో గోవిందా అనొచ్చు,
తప్పిపోనూ వచ్చు.
వీళ్లు తప్పిపోయినవాళ్లు కారు,
ఎక్కడికెళ్లాలో తెలిసే వెళ్లారు.

మంద అనలేను. మంద బాతులవాళ్లది.
కోతలయ్యాక చేలో దిగి
రాలిన గింజల మీద కాట్లాడుకుంటుంది.
దాని వెనక గెడ పట్టుకుని ఒకడుంటాడు.
వీళ్ల వెనక ఎవడూ లేడు.
అదే ఎస్సైగారి బాధ:
"ఎవడు ఎగదోశాడో అది రాయి!"

ముఠా?
ఆ మాట స్టేషన్లో ఒకటి, చేలో ఒకటి.
స్టేషన్లో ముఠా అంటే దొంగలు.
మా అమ్మ ముఠాలో పదహారుమంది ఆడవాళ్లు,
మోకాలి లోతు బురదలో వెనక్కి నడుస్తూ
ఊరందరికీ ముందటి పంట నాటేవాళ్లు.
"ముఠా వచ్చిందా?" అంటూ
కామందులే వీధిలోకొచ్చి నిలబడేవారు.

దొమ్మీ. సెక్షన్లకి నచ్చే మాట.
ఐదుగురు చాలు దానికి.
ఐదుగురు బంతిలో కూచుంటే విస్తళ్లు వేస్తాం,
లాకు మీద నిలబడితే సెక్షన్లు వేస్తాం.

జనం అని రాద్దామా?
తీర్థానికొచ్చే మాట, ఇసకేస్తే రాలనంత మాట.
జనం మీద కేసు కట్టడం ఎలాగ?

వరికి ఈ ఇబ్బంది లేదు.
మడిలో నారు, నెత్తిమీద కట్ట, చేలో పైరు,
కోశాక పన, కళ్లంలో కుప్ప.
ఎక్కడుంటే అక్కడి పేరు.
ఈ దాళ్వాకి మాత్రం నారు దగ్గరే ఆగిపోయింది.
శివారుకి నీళ్లందక ఆకుమడులు నెర్రెలిచ్చాయి.
ఆ సంగతి రాయడానికి ఫారంలో గడి లేదు.

చివరికి ఇలా ముగించాను:
"కముజు పల్లాలమ్మ, మరికొందరు
సదరు లాకు తలుపు చక్రం తిప్పి..."
మరికొందరు. నా చేతికి అలవాటైన మాట.
ఎంతమందిని కుక్కినా
మూతి కట్టేయొచ్చు, గోనెసంచిలాగ.

తెల్లారగట్ల మెట్ల మీద గాజుల చప్పుడు.
"పల్లాలమ్మ పేరొక్కటే ఎక్కించారంటగా?
తుప్పట్టిన చక్రవండీ,
అదొక్కత్తే తిప్పుద్దా?
మరికొందరంటే మేవేనండి, ఆయ్.
రాసుకోండి."

నేలపూడి మేరీరత్నం.
దొమ్మేటి వరహాలమ్మ: "దొమ్మీలోనే రాయండి బాబూ,
ఇంటిపేరు కలిసొచ్చింది."
నవ్వులు. సెంట్రీ కూడా నవ్వాడు.
షేక్ మీరాబీ. గట్టు దిగేటప్పుడు ఎడమకాలి చెప్పు పోయింది,
అదీ రాయాలంది. రాశాను.
పితాని బూరమ్మ. వయసు తెలీదు,
పెద్ద తుపాను నాటికి చంటిపిల్ల తల్లి.
వాళ్లలో వాళ్లకే తగువు,
చక్రం మీద ముందు చెయ్యేసింది ఎవరని.

నూటపదకొండో పేరు దగ్గర
కార్బన్ తెల్లబోయింది.
నూటపన్నెండో మనిషి బల్లకి ఆనుకుని నిలబడింది.
ఏవీ చెప్పదు.
మా అమ్మ ముఠాలో మిగిలిన ఒక్కత్తె,
మా సుందరం పిన్ని.
"నా పేరు నీకు తెల్దేట్రా" అంది.

ఎస్సైగారు వచ్చి కాగితాల కట్ట తిరగేసి
"ఇది ఎఫ్ఐఆరా, ఓటర్ల లిస్టా?" అన్నారు.
నేను స్టాంపు ప్యాడు మూత తీశాను.

కిటికీ అవతల కాలవలో
ఎర్రగా, రొప్పుతున్నట్టు,
గుర్రపుడెక్కని ముందుకు తోసుకుంటూ
శివారుకి పోతున్నాయి నీళ్లు.
పిన్ని వేలు సిరాలోనే ఉంది.
అటే చూస్తోంది.