సుద్దముక్క

తాడిపత్రి పాత ఇనుప సామాన్ల అంగట్లో
కిలో ముప్పై రూపాయల లెక్కన తూకమేసి ఇచ్చినాడు.
కిలోంబావు తూగింది.
"బండ మాదిరుందే, ఏం చేసుకుంటావు పాపా?"
అట్ట లేదు. మూతబడిన ఏదో కాలేజీ ముద్ర,
వెనకపక్క తేదీల చీటీలో చివరి పేరు:
కె. ఓబులేసు, మూడో సంవత్సరం.
ఆయప్ప తిరిగిచ్చినట్టు గుర్తు లేదు.

నేను అప్పటికి మూడు కోర్సులు చేసింటి.
మొదటిది నేర్చుకునేలోపే పాతబడె,
రెండోదానికి ఉద్యోగమొచ్చె, ఏడాదికే ఊడె,
మూడోదాని పేరు ఇప్పుడు చెప్తే
ఇంటర్వ్యూలో పిల్లోళ్లు నవ్వుతారు.
సర్టిఫికెట్లు అమ్మ బియ్యం డబ్బా కింద పరిచింది,
చెమ్మ తగలకుండా.

ఎర్రిస్వామి పాలిష్ ఫ్యాక్టరీకి
బిల్లుల ప్రోగ్రాము రాసిచ్చి ఊర్లోనే ఉండిపోతి.
రంపాల మోత ఆగినాక పుస్తకం తెరుస్తా.
బండపొడి అప్పటికీ గాల్లోనే ఉంటుంది.
పేజీకి గంట. ఒక్కో పేజీకి రెండు రాత్రులు.
ఇంగ్లీషు కాదు అడ్డం, తొందర.
వేలితో పైకి నెడితే జరిగేది కాదు గదా కాగితం,
అది కదలదు. నేనే కదలల్ల.

నూట నలభైరెండో పేజీ అంచున పెన్సిలు రాత:
"అర్థం కాలేదు. మళ్లా చదవల్ల."
ముప్పై ఏండ్ల కింద ఒకడు
సరిగ్గా ఈ వాక్యం కాడే చతికిలబడినాడు!
దాని కింద నేనూ రాసినా: "నాకూ."

ఇంతలో ఎర్రిస్వామి ఫోను.
ఉన్నవి నలభై బండలు, అమ్ముడుబోయినవి ఎనభై.
ఆఫీసులో ఒక కంప్యూటరు, గేటు కాడ ఇంకొకటి.
ఇద్దరూ ఒకే నిమిషంలో చూసినారు,
ఇద్దరికీ నలభై కనబడె, ఇద్దరూ అమ్మేసిరి.
ధర్మవరం లారీ, బళ్లారి లారీ
ఎదురెదురుగా నిలబడి ఒకటే హారన్లు.
తెలిసిన చోటల్లా కెలికినా.
ఒకరోజు సరిపోయేది, మరుసటి రోజు మళ్లా అదే గోల.

మూడో రాత్రి నాయన అడిగినాడు, ఏందని.
విసుక్కుంటానే చెప్పినా.
బండలు చీల్చి చీల్చి కాయలు గాసిన చేతులు ఆయనవి.
ఉలి పెట్టేముందు తట్టి వింటాడు,
మనం చీలమన్న కాడ కాదు, పొర ఉన్న కాడే చీలుతుందంటాడు.
కొంచెంసేపు ఊరకుండి,
"మా యార్డులో సుద్దముక్క ఒకటే ఉండేది మే.
అది చేతిలో ఉన్నోడే బండ మీద గుర్తు పెట్టల్ల.
రెండోవాడు ఎంత షావుకారైనా నిలబడాల్సిందే.
లెక్క ఎప్పుడూ తప్పలే.
ఒకసారి గోపన్న సుద్ద జేబులో ఏసుకోని
అన్నానికి పోయినాడు.
రెండు గంటలు యార్డంతా నిలబడిపోయె!"

లేచి పుస్తకం తీసినా.
నూట నలభైరెండు.
ఇద్దరు, ఒకే వస్తువు, ఒకటే తాళం.
తాళం పట్టుకున్నోడు నిద్రపోతే ఏమవుతుందో
కింది పేరాలో ఉంది,
గోపన్న అన్నం సంగతి, ఇంకో భాషలో.
తట్టి విన్నా. ఈసారి పొర దొరికింది.

తెల్లారేసరికి పదకొండు వరసలు రాసినా,
నూటముప్పై వరసలు తీసేసినా.
"ఇంతేనా?" అన్నాడు ఎర్రిస్వామి,
డబ్బులు తగ్గించాలని చూసినాడు.
నాయన మాత్రం రెండు దినాలు
సుద్దముక్క కథ టీ అంగట్లో చెప్పుకున్నాడు.

ఓబులేసూ, యాడున్నావో గానీ
పుస్తకం తిరిగియ్యకుండా మంచి పని చేసినావు.
ఇప్పుడు రెండొందల పదిలో ఇరుక్కున్నా.
ఇక్కడ నీ పెన్సిలు లేదు.
సులభంగా దాటిపోయినావో,
ఇంత దూరం రానే లేదో.
పెన్సిలు చెక్కుకోని, అంచున
ముందుగా నేనే రాసినా:
అర్థం కాలేదు.