రాయి

టెముకోలో జూలై. వాన ఆగి పదకొండు నిమిషాలు,
మళ్ళీ మొదలైంది.
ఊళ్ళోని కట్టెపొయ్యిల పొగంతా వచ్చి
ల్యాబు కిటికీకి ఆనుకుని నిలబడింది.
నా ముందు తెల్లటి పళ్ళెంలో
ఎర్సిలియా పైనెకెయో పిత్తాశయం.
మనిషి వయసు అరవై ఒకటి.

చాకు పెట్టగానే ముందు చేదు బయటికొచ్చింది,
ఆకుపచ్చగా, చిక్కగా.
తర్వాత రాళ్ళు, పళ్ళెంలో టకటకమంటూ.
‘రాయి’ అన్నాడు డాక్టర్ నిబాల్దో, వెనకనుంచి.
రాశాను.
రాళ్ళు ఏడు. పెద్దది రేగ్గింజంత.
మెడ దగ్గర గోడలో గట్టి తెల్లటి మచ్చ.
ఆ తెలుపు సంగతి ఇద్దరికీ తెలుసు.
మైనంలో పోసి, పొర తీసి, రంగు వేసేదాకా
పైకి అనం, అంతే.

కేసు కాగితంలో ఓ మూల, ఎవరో నర్సు ఓపిగ్గా రాసుకుంది:
ఎనభై మూడులో శాంటియాగోలో ఇంటిపని చేసింది, టైఫాయిడ్ వచ్చింది, తగ్గింది.
ఆ చివరి మాట తర్వాత చుక్క పెట్టింది.
నలభై ఏళ్ళు ఆ చుక్కలో ఉన్నాయి.

మపోచో నదిలో నగరం తనను తాను కడుక్కునేది,
ఆ నీళ్ళే లెట్యూస్ మళ్ళకు పారేవి.
లేత ఆకులు దొరలకి.
పైన ముదురు ఆకులు, మట్టంటినవి,
వంటింట్లో నిలబడి తినే ఎర్సిలియాకి.
మూడు వారాలు ఒళ్ళు కాలిపోయింది.
జ్వరం దిగింది, పురుగు దిగలేదు.
రాయి మీద పాచిలా పట్టుకుని
చేదులోనే కాపురం పెట్టింది.

దానికో విషముంది. బయట ఉన్నంతసేపూ తయారుచేయదు.
కణం లోపల చోటు దొరికాకే కత్తి నూరుతుంది.
తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్ళని చూశాం,
ఇది కోస్తుంది.
కణం వెంటనే చస్తే పీడా పోను.
కొన్ని చావవు, అతుకు వేసుకుంటాయి,
మళ్ళీ తెగుతుంది, మళ్ళీ అతుకు,
ఏ కొస ఏ కొసదో చూసుకోని తొందరలో.
ఏదో ఒక రాత్రి ఒక అతుకు కింద
‘ఆగు’ అన్న మాట నలిగిపోతుంది.

‘కావచ్చు’ అంటాడు నిబాల్దో, కాఫీ ఊదుకుంటూ.
ఎప్పుడూ ఆ మాటతోనే ముగిస్తాడు.
రాళ్ళ ఒరిపిడి ఒక్కటే చాలేమో.
ఎండుమిర్చికి పట్టిన బూజేమో.
అమ్మమ్మల నెత్తురులోనే ఉందేమో.
మా రిపోర్టులో కారణానికి గడి లేదు.

కారిడార్లో కూతురు ఫ్రెసియా, తడిసిన శాలువాతో.
‘మా అమ్మ ఏం తిన్నందుకు?’ అంది నన్ను చూసి.
నేను డాక్టర్ని కాదన్నాను.
నిజమే. కానీ అది జవాబు కాదు.

ఎనభై మూడులో నాకు తొమ్మిదేళ్ళు.
మేమూ శాంటియాగోలోనే.
నుదుటి మీద మా అమ్మ వేసిన తడిగుడ్డ,
గోడ మీద బల్లిలా పాకిన మధ్యాహ్నాలు,
మూడు వారాలు బడి లేదని ఎంత సంబరమో!
తగ్గింది.

‘రాయి’ అంటున్నాడు నిబాల్దో.
గ్లవ్ తీయడం మరిచిపోయి
కుడి పక్కటెముక కింద నొక్కి చూసుకున్నాను.
మెత్తగానే ఉంది.
కోటు మీద వేలంత
ఆకుపచ్చ మరక.