రెండు నిలువు గీతలు

ఫారో దీవుల్లో వాన నిలువుగా కురవదు.
ఆ అడ్డవానలో, తోర్స్‌హావ్న్ రేవు రాళ్ల మీద
మార్యున్ చేతిలోంచి ఫోన్ జారింది.
అద్దం పై సగం బతికింది,
కింది సగానికి స్పర్శ పోయింది.
ఆపేదీ, నడిపేదీ, వెనక్కి జరిపేదీ
ఆ చచ్చుబడిన సగంలోనే ఉన్నాయి.

లోపల నూట పదకొండు గంటల మాటలు.
ముసలి జాలర్లు సముద్రానికి పెట్టుకున్న పేర్లు.
మనకు నీళ్లుగా కనబడేది
వాళ్లకు వీధులు, సందులు, మలుపులు.
ఆమె వినాలి, ఆపాలి, రాయాలి,
వెనక్కి వెళ్లి మళ్లీ విని, రాసింది కొట్టేయాలి.
జీతం నెలకు కాదు, పేజీకి.

పైవాటాలో ఉండే హోగ్ని తీగ తగిలించి
ఫోన్ తెరను కంప్యూటర్ తెర మీదికి దింపాడు.
"కనిపిస్తోందిగా!" అన్నాడు, ఘనకార్యం చేసినవాడిలా.
"కనిపిస్తోంది," అంది మార్యున్, "అందట్లేదు."
ఆవగింజంత మీట మీదికి
మౌస్‌ను తోలుకెళ్లేలోపు
ముసలాయన నాలుగు వాక్యాలు దాటిపోతున్నాడు.

కీబోర్డు పై వరసలో ఒక త్రికోణం,
దాని పక్కన రెండు నిలువు గీతలు.
మనం పద్యం ముగిశాక గీసే గీతల్లాంటివే.
కొన్ననాటి నుంచీ దాని మీద దుమ్మే గానీ వేలు పడలేదు.
నొక్కితే కంప్యూటర్‌కు అర్థం కాలేదు:
ఎవర్ని ఆపమంటావు? ఇక్కడ ఎవరూ మాట్లాడటం లేదే!
దానికి ఫోన్ ఒక కదిలే బొమ్మ, అంతే.
అద్దంలో మనిషికి దాహమేస్తే
ఇవతల చెంబుకి ఏం తెలుస్తుంది?

ఆరు రాత్రులు కూర్చున్నాడు హోగ్ని.
మొదటి రాత్రి నొక్కితే ఆగింది,
ఆగిన సంగతి మాత్రం కంప్యూటర్‌కు చేరలేదు.
మౌనంగా ఉన్నవాణ్ని చూపించి
ఇంకా మాట్లాడుతున్నాడనే అంటుంది.
మూడో రాత్రి ఒక్క నొక్కు రెండు నొక్కులైంది;
ఆగడమూ మొదలవడమూ ఒకే ఊపిరిలో.
నాలుగో రాత్రి ఫోన్ లెక్కలో నిమిషం పద్నాలుగు సెకన్లు,
కంప్యూటర్ లెక్కలో నిమిషం పదకొండు.
ఆ మూడు సెకన్లు ఎక్కడ జారిపోతున్నాయని
తీగ పొడవునా వేలితో తడిమాడు.
నవ్వకండి. రాత్రి రెండింటికి
అదీ ఒక వైద్యంలాగే తోస్తుంది.
ఐదో రాత్రి తీగ పీకేసినా
పేరు తెర మూల వేలాడుతూనే ఉంది,
ఖాళీ చేసిన ఇంటి గోడకు పేరుపలకలా.

ఆరో రాత్రి అన్నీ మాట విన్నాయి.
తెర మూల ఒక చిన్న పెట్టె:
హానుస్, పదిహేడో రికార్డు.
మార్యున్ వచ్చి, కోటు విప్పకుండానే, ఒక వేలితో నొక్కింది.
మాట మధ్యలో నోరు తెరుచుకుని నిలబడ్డాడు ముసలాయన.
మూడు సెకన్లు వెనక్కి.
మళ్లీ.
మళ్లీ మూడు.

"ఉత్తరం కొమ్ము దాటాక నీళ్లు మెలి తిరుగుతాయి,
దాన్ని మేం..."
అని ఆగుతాడు. గిన్నె మీద గరిటె తగిలిన చప్పుడు.
దూరంగా, వంటింటి వైపు నుంచి,
ఒక ఆడగొంతు ఆ పేరు చెబుతుంది.
అప్పుడు హానుస్ అదే పేరు, గట్టిగా, తనదిలా.

మౌస్‌తో ఎప్పుడూ దాటిపోయిన చోటు అది.
పదిహేడో రికార్డులోనే తొమ్మిదిసార్లు.
పడవ ఎక్కిందో లేదో తెలియని మనిషి,
చేపలు కోస్తూ, అలల పేర్లు అందిస్తూ కూర్చుంది.
మార్యున్ పుస్తకంలో తొమ్మిది చోట్ల
చెప్పినవారు: హానుస్.
తొమ్మిదీ కొట్టేసింది.
పక్కన ఏం రాయాలో తెలీక కలం ఎత్తే ఉంచింది.

"నీ పెట్టెలో పేరుకు ఒక్క గదే ఉందేం?" అని అడిగింది.
పాట అంటే ఒక్కరే పాడతారనుకున్నానన్నాడు హోగ్ని.
ఆ రాత్రే రెండో గది కట్టాడు. అది ఖాళీగా ఉంది.
గురువారం పడవలో క్లాక్స్‌విక్ వెళ్లి
ఆమె పేరు అడిగొస్తానంది మార్యున్,
గాలి ఒప్పుకుంటే.

ముందుకు దూకించే మీట ఒక్కటే ఇంకా మొరాయిస్తోంది.
బాగుచేయనా అంటే
దాంతో నాకేం పని, అంది.