మూడో పాటలో దగ్గు

గ్రీంసుపేటలో నా మైకుసెట్టు షాపు ముందర
ఆదివారం పొద్దున రెండు బాక్సులు బయట పెట్టి
'రసం తీసినాక' ఆల్బం మొత్తం వినిపించినాను.
తొమ్మిది పాటలు, నలభై ఒక్క నిమిషాలు.
బాడుగ తీసుకోలేదు.

చేసింది ఇద్దరు. జంట పేరు 'రెండు టెంకలు'.
హేమకుమారి సెల్లులు రిపేరు చేస్తాది,
ఢిల్లీబాబుది పల్పు ఫ్యాక్టరీలో కరెంటు పని.
వెల్డింగు కళ్ళద్దాలు పెట్టుకోని ఆయన,
చేతికొక రంగు గ్లౌజు తొడుక్కోని ఆమె,
రిజల్టు బోర్డు ముందర పిల్లోళ్ళ మాదిరి
నా బెంచీ మీద కూర్చున్నారు.

పాట మొదలై నిమిషమైనా
రెడ్డెప్ప బాక్సును తట్టి చూస్తానే ఉన్నాడు.
"వైరు లూజేమో చూడప్పా."
లూజు కాదన్నా, పాటే అది, అన్నాను.
"అట్లయితే పాటే లూజుగా ఉండాది."

బెల్లం మండీ చెంగల్రాయుడు
రెండో పాట అయ్యేలోపల తీర్పు చెప్పినాడు:
"ఒకటే మాట. తొక్క. డెబ్బై సార్లు అనింది ఆ పాప.
నా చిట్టాలో ఒకే అంకె డెబ్బై సార్లు రాస్తే
నన్ను ఆస్పత్రిలో చేర్పిస్తారు."
అని, పోలేదు. టీ తెప్పించుకున్నాడు.
ఇష్టం లేని మనిషి డెబ్బై దాకా ఎట్ల లెక్కబెట్టె?

ఇంటరు చదివే సాదిక్ అదిరిందన్నాడు.
ఎందుకబ్బా అంటే
"యాడ చప్పట్లు కొట్టాల్నో తెలీకుండా చేసినారు."
మెచ్చుకున్నాడా, ఫిర్యాదు చేసినాడా,
నాకింకా తేలలేదు.

మూడో పాట.
పల్పు ఫ్యాక్టరీని మొత్తం తెచ్చి అందులో దించినారు.
కాయలు బెల్టు మీద దొర్లేది,
టెంకలు ఇనుప తొట్లో పడేది,
షిఫ్టు సైరను సాగదీసి సాగదీసి
ఈనుతున్న ఆవు అరుపు చేసినారు.
సంగీతం టీచరు వసుంధర గారు
కండ్లు మూసుకోని తాళం వెయ్యబోయి
చెయ్యి గాల్లోనే నిలిపేసినారు.
"ఏడున్నర వస్తోంది. ఆ అర ఎక్కడిది?"

"బెల్టు జారతాదమ్మా ఆడ."
అనింది దేశమ్మ.
నీళ్ళ క్యాను పట్టుకుంటా ఇటు తిరిగి ఉండాది.
పన్నెండు సీజన్లు తొక్క తీసిన మనిషి,
వేళ్ళ సందుల్లో సొన కాల్చిన మచ్చలు.
"రెండో మిషనుకు ఆయిలు లేదు.
రాత్రి షిఫ్టు ఇది. పగలైతే మేస్త్రీ అరుపు ఉండల్ల.
ఇప్పుడు తొట్టి నిండుతాది చూడు."
నిండింది.
మాకు చప్పుడు మారినట్టు తెలిసింది, అంతే.

అప్పుడు పాటంతా ఆగి
ఒక దగ్గు.
పొడి దగ్గు, మళ్ళీ అదే, మళ్ళీ అదే,
దాని మీదనే దరువు కట్టినారు,
సాదిక్ తల ఊపుతా ఉన్నాడు.

"అది నేను."

ఢిల్లీబాబు కళ్ళద్దాలు తీసినాడు.
క్యాను నిండి రోడ్డు మీదికి పారతా ఉంటే
కుళాయి ఎవురూ కట్టెయ్యలేదు.
"పోయిన ఆడి నెల దగ్గు. ఎవురినడిగి తీసుకున్నారు?"
హేమకుమారి ఒక గ్లౌజు తీసి, మళ్ళీ తొడుక్కుంది.
"మిషను కోసరం ఫోను పెట్టినామక్కా. నువ్వు పడినావు."
"పుచ్చుకాయ పడితే తీసి పక్కన పెట్టమా?"
"తీసి చూసినామక్కా. పాట నిలబడలేదు."

నాలుగు, ఐదు పాటలు పొయ్యినాయి.
ఎట్ల ఉన్నాయంటే నన్ను అడగొద్దండి.

ఆరో పాటలో దేశమ్మ మెల్లిగా అడిగింది:
"డాక్టరుకు వినిపిస్తే పనికొస్తాదా ఇది?
పాడు దగ్గు, ఆయన ముందర కూర్చుంటే రాదు."
దగ్గు వరకు కత్తిరించి ఫోనులో ఎక్కిస్తాలే,
అనింది హేమకుమారి.
"మొత్తం ఎక్కించు పాపా.
మిషను లేకుండా ఉత్త దగ్గు వినిపిస్తే
యాడ నుంచి వచ్చిందో ఆయనకెట్ల తెలుస్తాది?"

తొమ్మిదో పాటకు నేనూ చెంగల్రాయుడూ మిగిలినాము.
వైర్లు చుట్టుకుంటా ఉంటే
ఆయన టీ గ్లాసు బెంచీ మీద పెట్టి
"ముప్పై ఒకటి" అన్నాడు.
దేన్నని నేను అడగలేదు.