తెల్లకొండ రేవు

మా ఊరి పేరు యురాకోర్కో.
తెల్లకొండ అని మా భాషలో.
మంచు నిలిచే రోజుల్లో ఎవరో పెట్టిన పేరు.
నేను పుట్టేసరికే కొలిమి పొగ
మంచునీ గడ్డినీ తినేసి
రాయిని సున్నం కొట్టినట్టు వదిలింది.
పేరు మార్చే పని లేకపోయింది.

నేను సతుర్నీనాని. బట్టలుతుకుతాను.
ముప్ఫై ఒక్కేళ్లుగా ఈ ఆండీస్ చలినీళ్లలో
వేళ్లు ఎర్రదుంపల్లా ఉబ్బేదాకా.

చిమ్నీ ఎటు తిరిగి దగ్గిందో
చొక్కా కాలరు చూసి చెప్పగలను.
పసుప్పచ్చ మరకయితే గంధకం.
బూడిదరంగులో వేలికి జారితే సీసం.
నల్లది వట్టి బొగ్గే, దానికి సబ్బు చాలు.
ఇంజినీర్ల ఇళ్లనుంచి వారానికి మూడు మూటలు.
ఆరేసిన దుప్పటి తీగమీదే మాసేది,
మళ్లీ ఉతుకు, మళ్లీ డబ్బులు.
దేవుడా, గాలి ఇటు తిప్పకు అని
పక్కింటి హెర్మెలిందా మొక్కుకుంటుంటే
పక్కన నిలబడి
నేను పెదాలు మాత్రం కదిపేదాన్ని.

మనవడు ఎఫ్రాయిన్‌కి ఆరేళ్లు.
వాడి వేలు పొడిచి రక్తం పట్టుకెళ్లిన నర్సు
ఒక అంకెతో తిరిగొచ్చింది.
ముప్ఫై ఎనిమిది.
ఎంతుండాలమ్మా, అనడిగాను.
ఉండకూడదు, అంది.
పాలు పట్టమంది. చేతులు కడగమంది.
పాల డబ్బులు వాడి నాన్న తెస్తున్నది
ఆ కొలిమిలోంచే.
కడగమన్న నీళ్లు ఆ ఏట్లోవే.

తర్వాత ఒక మంగళవారం కూత వినబడలేదు.
లోహాల ధర పడిందన్నారు,
కంపెనీ అప్పుల్లో ఉందన్నారు,
చిమ్నీకి జల్లెడ పెట్టమని ప్రభుత్వం అందనీ
పెట్టడానికి డబ్బు లేదని వీళ్లన్నారనీ
రొట్టెల కొట్టు దగ్గర నాలుగు రకాలుగా విన్నాను.
క్రిస్మస్‌కి ముందే ఆ కొట్టూ మూశారు.

మొదటి వారమంతా
మెడలు పట్టేసేలా ఆకాశం చూశాం.
నాలిక మీద నాణెం రుచి పోయింది.
ముసలి కాసియానో, సీసం మడ్డి తోడి తోడి వంగినవాడు,
ఉల్లిపాయ కోసి, వాసన తెలుస్తోందర్రా అని ఏడ్చాడు.
ఉల్లిపాయకే అనుకున్నాం.
ఒకరోజు మంచు పడి మధ్యాహ్నం దాకా నల్లబడలేదు.
పిల్లలు దోసిళ్లతో తింటుంటే
తిట్టడానికి తెరిచిన నోళ్లు
ఎందుకో గుర్తురాక మూసుకున్నాం.

రెండో నెలకి ఇంజినీర్లు సామాన్లు సర్దుకున్నారు.
ఉన్నవాళ్ల చొక్కాలు నాలుగు రోజులకీ మాయడం లేదు.
నా సబ్బు ఎండి నెర్రెలిచ్చింది.
కొడుకు అబ్దోన్ కొండ దిగి అడవివైపు పోయాడు,
బంగారం కడగడానికి.
అక్కడ పాదరసంతో కడుగుతారట.
మా ఇంట్లో అందరిదీ ఉతుకుడు పనే.

నిన్న ఇద్దరొచ్చారు.
యూనియన్ మనిషి కాగితంలో, కొలిమి వెంటనే తెరవాలి.
నర్సు కాగితంలో, జల్లెడ లేకుండా తెరవకూడదు.
ఇద్దరికీ ఒకే గిన్నెలో
కోకా ఆకులు మరిగించి పోశాను.
రెంటిమీదా సంతకం పెట్టాను.
మతి ఉందా సతుర్నీనా, అని నవ్వాడతను.
నర్సు నవ్వలేదు.
ఉంది నాయనా,
ఒకటి కాస్త వంకరొచ్చింది, అంతే.
ఏదో మీకు చెప్పను.

అడిగేవాళ్లు లేకపోయినా
రోజూ రాత్రి తీగమీద ఒక దుప్పటి ఆరేస్తున్నాను.
తెల్లారి లేచి వేలితో రాసి చూస్తాను.
తెల్లగానే ఉంటుంది.
అమ్మయ్య అని నోటిదాకా వచ్చింది
అయ్యో అని దిగిపోతుంది.

ఈ పొద్దున
ఉతుకుడు బండ పగుల్లో గడ్డిపరక మొలిచింది.
ఎఫ్రాయిన్ దాన్ని పీకి
రెండు వేళ్లతో దూరంగా పట్టుకుని తెచ్చాడు.
అవ్వా,
ఇది కూడా పైనుంచే రాలిందా?