దగ్గితే లేచినట్టు

పదిహేనేళ్ళప్పుడు నా ఉద్యోగం
మనుషుల్ని నిద్ర లేపడం.

ఉత్తర ఇంగ్లండులో, గొర్రెల కొండల కింద,
స్కార్‌బెక్ ఇంజను షెడ్డు.
గుమ్మం పక్కన పలక మీద సుద్దతో
ఎవరు, ఏ ఇంజను, ఎన్నింటికి.
నాకొక సైకిలు, కొసకి తీగలు కట్టిన పొడుగాటి గెడ,
గాలికి ముందే బెదిరి ఆరిపోయే లాంతరు.
రాత్రి రెండున్నరకి
రాళ్ళు పరిచిన వీధుల్లో నేనూ, చలీ.

గెడతో మేడ మీది అద్దాన్ని గీకితే
ఏమస్ థ్వెయిట్ లోపల్నించి దగ్గేవాడు.
దగ్గు వినబడితే లేచినట్టు లెక్క.
సైలస్ కిర్క్‌బ్రైడ్ కిటికీ తెరిచి
నా వంశాన్నంతా తిట్టి, అదే ఊపిరిలో
"వానేమైనా పడుతోందా నాయనా?" అనేవాడు.
పదకొండో నంబరు ఇంట్లో మాత్రం నాకు పని ఉండేది కాదు,
మొగుడి కంటే ముందే పెళ్ళాం లేచి
పెనం మీద పందికొవ్వు వేసేది.
ఆ చిటపటలు దాటి సైకిలు తొక్కడమే
ఆ ఉద్యోగంలో కెల్లా కష్టమైన పని.

తిరిగి షెడ్డుకి చేరేసరికి
పొగచూరిన కప్పు కింద వరసగా ఇంజన్లు,
జలుబు చేసిన ముసలాళ్ళు
దుప్పటి ముసుగేసుకుని ఆవిరి పట్టుకున్నట్టు.
నలభై ఏడుకి ఎడమ సిలిండరు కారే జబ్బు.
దాని కిందే పడుకునేది
ఒకప్పుడు తెల్లదని అందరూ చెప్పే పిల్లి.

ఇంజను గెడతో గీకితే లేవదు.
ఎనిమిది గంటల ముందు నిప్పు వెయ్యాలి,
కొంచెం కొంచెంగా, బతిమాలుతూ.
అది మా నాన్న పని.
"నీదే నయం," అనేవాడు,
"మనుషులకి కోపమొస్తే తిట్టి ఊరుకుంటారు.
వీటికొస్తే..."
మిగతా మాట ప్రెషరు ముల్లుకి వదిలేసి
పారని వేడినీళ్ళతో కడిగి
కొలిమి నోట్లో పెట్టి
నాకు రెండు గుడ్లు వేసిచ్చేవాడు.
బొగ్గు రుచి లేని గుడ్డు
ఇప్పటికీ నాకు చప్పగానే ఉంటుంది.

మా వీధి ఆడవాళ్ళకి వర్జ్యమంటే పడమటి గాలి.
అది తిరిగితే ఉతికిందంతా బూడిదపాలు.
అమ్మ పెరటిగోడ దగ్గర నిలబడి
మసి చుక్కల దుప్పటి షెడ్డు వైపు దులిపి
"ఇవి పరుపు మీదివయ్యా, మీ బాయిలరు తుడిచేవి కావు!"
అని అరిచేది.
అటునించి ఎవరో ఒకరు
పొట్టి కూత ఒకటి వేసేవారు, క్షమాపణో వెక్కిరింపో.
అమ్మ నవ్వు దాచుకోడానికి
ఆ దుప్పటే అడ్డం పెట్టుకునేది.

ఆగస్టులో ఒక రాత్రి
పలక మీద ఒక్క పేరే ఉంది.
నేను వెళ్ళేసరికి ఏమస్ గుమ్మంలో కూర్చుని ఉన్నాడు,
బూట్ల తాళ్ళు కట్టుకుని, అన్నం డబ్బా ఒళ్ళో పెట్టుకుని.
"గెడెందుకురా మోసుకొచ్చావు," అన్నాడు.
షెడ్డు దాకా నా సైకిలు పక్కనే నడిచాడు.
వానొస్తుందో రాదో మాట్లాడుకున్నాం.

ఆ సాయంత్రం నాన్న నలభై ఏడులో నిప్పు దించాడు.
గొయ్యిలో ఎర్రగా కాసేపు, తర్వాత బూడిదరంగు.
"పొద్దుటికి గానీ చల్లారదులే," అని
దాని పక్కనే స్టూలు వేసుకున్నాడు.
ఇంటికి రమ్మని అమ్మ కబురు పంపలేదు.

సోమవారం పడమటి గాలే.
అమ్మ కావాలనే తీగ నిండా ఆరేసింది.
సాయంత్రం ఒక్కొక్కటీ తిప్పి తిప్పి చూసింది,
అంచులు, మడతలు, కుట్లు.
గోడ దాకా వెళ్ళింది, నోరు తెరిచింది.
"ఇప్పుడెవర్ని తిట్టను," అంది నాతో,
అదేదో నేను చేసిన తప్పైనట్టు.
ఆ తెల్ల దుప్పట్లు చాన్నాళ్ళు
బీరువాలోంచి బయటికి రాలేదు.

నాకిప్పుడు డెబ్బై ఎనిమిది.
రెండున్నరకి మెలకువ వస్తుంది.
అద్దం మీద ఏ చప్పుడూ ఉండదు.
అయినా మంచం మీద లేచి కూర్చుని
ఒక్కసారి దగ్గుతాను.
కింద చలిలో ఎవరైనా నిలబడి ఉంటే
పాపం, తర్వాతి ఇంటికి వెళ్ళాలి కదా.